గవదబిళ్లలు

మూడున్నరకి తలుపు తట్టింది.
ఇంకా మొదటి గంటైనా కొట్టలేదు.
మేరు ఊరి చలి కెన్యా కొండ మీంచి దిగి
ఈ రేకుల కింద మాతోపాటే కాపురముంటుంది.

"కడుపులో నొప్పి, సిస్టర్."

మంగళవారం కదా, నాకు తెలుసు.
పద్నాలుగేళ్లుగా నా రిజిస్టర్లో
మంగళవారం లెక్కల పరీక్షకి కడుపు నొస్తోంది,
గురువారం కెమిస్ట్రీకి తల పగులుతోంది.
శనివారం ఎవరికీ ఏమీ రాదు.

పేరు గట్విరి. ఫామ్ ఫోర్.
దీపం దగ్గరగా పెట్టి పాదాలు చూశాను.
తెల్లబడి, ముడతలు పడి,
రాత్రంతా నానేసిన చిక్కుడు గింజల్లా ఉన్నాయి.
"చన్నీళ్ల బేసిన్లో కాళ్లు పెట్టుకుని చదువుతాను,
నిద్ర రాదు" అంది
ఎవరికీ చెప్పొద్దన్నట్టు,
కొంచెం గొప్పగా కూడా.
కాఫీ పొడి ఉత్తినే నములుతుందట.
పళ్ల సందుల్లో నిన్నటి రాత్రి ఇంకా నల్లగానే ఉంది.

ఎప్పుడు తిన్నావు?
నిన్న మధ్యాహ్నం గితేరి, అదీ సగం గిన్నె.
వరసలో నిలబడితే ఇరవై నిమిషాలు పోతాయి,
ఇరవై నిమిషాలంటే ఒక త్రికోణమితి లెక్క.
నెలసరి?
మార్చిలోనో, ఏప్రిల్లోనో, గుర్తు లేదు.
ఆవర్తన పట్టిక మాత్రం
చివర్నించి మొదటికి అప్పజెబుతుంది.

పోయిన టర్ములో బి. ఈ టర్ములో డి.
మార్కుల కాగితం మీద ఎర్ర సిరాతో: శ్రద్ధ లేదు.
శ్రద్ధ లేకనా తల్లీ,
పాదాలకి ఈ రంగు వచ్చింది?

నా అలమారలో పారాసిటమాల్ ఉంది,
ఓఆర్ఎస్ పొట్లాలు, గజ్జి మందు,
సగం విరిగిన థర్మామీటరు.
నిద్రకి బదులిచ్చే మందేదీ
కౌంటీ డిపో వాళ్లు ఎప్పుడూ పంపలేదు.

అందుకని అబద్ధం రాశాను.
జ్వరమని రాస్తే పదింటికి డిప్యూటీ మేడమ్ వచ్చి
నుదురు పట్టుకు చూస్తుంది.
నీరసమని రాస్తే నవ్వుతుంది.
గవదబిళ్లలు అని రాశాను.
అంటురోగం. ఐదు రోజులు గడప దాటి ఎవరూ రారు.
ఇన్నేళ్ల నర్సు ఉద్యోగంలో
నేనిచ్చిన బిళ్లల్లో బాగా పనిచేసినవి అవే.

పడుకుంది. పడుకోవడం కాదది,
తాడు తెగిన బొక్కెన బావిలోకి పోవడం.
నాలుగింటి గంట మోగితే
కాలివేళ్లు ఉలిక్కిపడ్డాయి, ముఖం కదల్లేదు.
పెదవులు ఏదో సూత్రం వల్లిస్తూనే ఉన్నాయి
తెల్లారి ఏడు దాకా.
తర్వాత అవీ ఊరుకున్నాయి.

కిటికీ అవతల అసెంబ్లీ,
కిటికీ ఇవతల చిన్న గురక.
ఆ రోజు నేను చేసిన వైద్యమల్లా
తలుపు కీచుమనకుండా
బందులకి వంటనూనె రాయడం.

మధ్యాహ్నం రెండింటికి లేచింది.
ఎక్కడున్నానని అడగలేదు.
"ఏ పాఠం పోయింది?" అంది.
"గంజి పోయింది" అన్నాను.
"మీగడ కట్టింది. ఉండు, మళ్లీ కాస్తాను."
మూడు గ్లాసులు తాగింది, మాట్లాడకుండా,
ఎవరో లాక్కుంటారన్నట్టు.

తర్వాతి మంగళవారం ఏడు మార్కులు ఎక్కువొచ్చాయి.
నిద్ర వల్లో, లెక్కలే తేలిగ్గా ఇచ్చారో
నాకు తెలీదు.
లెక్కల్లో తప్పి ఇటొచ్చినదాన్నే నేను కూడా.

నిన్న రాత్రి మళ్లీ తలుపు చప్పుడు.
ఇద్దరు. కెండి, ఇంకొక పొట్టి పిల్ల.
మెడలకి స్కార్ఫులు గట్టిగా చుట్టుకుని,
కళ్లు మూతలు పడుతుంటే
ఒకరినొకరు ఆనుకుని నిలబడి:
"సిస్టర్, మాకూ గవదబిళ్లలు రాస్తారా?"

నాలుగు మంచాలు.
ఆరువందల ఎనభై మంది పిల్లలు.
ఎవరి బుగ్గలూ వాచలేదు.

రిజిస్టరు తెరిచాను.
పేర్లు రాశాను. తేదీ వేశాను.
వారం రాసే గడి దగ్గర
పెన్ను ఎంతసేపో ఆగిపోయింది.

శనివారం.